గోడకు చోటులేని వైనరీ

కరోనా సద్దుమణిగిన ఏడాది వేసవిలో, విజయవాడలో ఒక కన్సల్టెన్సీలో సీనియర్ డిజైన్ ఇంజనీరుగా ఉండగా, మైలవరం దగ్గర మామిడిపండ్ల వైనరీకి ప్లాను గీసే పని నాకు అప్పగించారు. వైన్ అనేసరికి సైటు చూడటానికి అకౌంటెంటుతో సహా ఆఫీసంతా జీపెక్కింది. అక్కడ ఇచ్చింది మజ్జిగ.

యజమాని రాఘవయ్య గారు మామిడి రైతు. ఆయన కొడుకులు ప్రసాద్, కిరణ్ తోట కౌళ్ళ దగ్గర మాటామాటా పెరిగి, తండ్రి ద్వారా తప్ప ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం లేదు. మూడు తరాలు నిలిచే కట్టడం కావాలన్నారాయన. షరతు ఒక్కటే: తన తర్వాత కొడుకులు విడిపోతే మధ్యలో గోడ పెట్టుకునే వీలుండాలి.

"మా ఇల్లు అలాగే కట్టించానండీ. రెండు వంటిళ్ళు, రెండు మెట్లు."

ఇల్లు వేరు, వైనరీ వేరు అని చెప్పి చూశాను. పండు ఒక చివర దిగుతుంది. కడిగి, గుజ్జు తీసి, స్టీలు ట్యాంకుల్లో పులియబెట్టి, రెండో చివర చల్లటి గదిలో నిల్వ చేస్తారు. గోడ అడ్డంగా పెడితే పని తెగిపోతుంది. పొడవునా పెడితే, అరిగిపోయిన ట్యాంకు తీసి కొత్తది దించే దారి ఉండదు.

ఆయన వినలేదు. పునాది తవ్వేముందు నేలమీద సున్నంతో గీతలు వేస్తాం. దాన్ని ముగ్గు పోయడం అంటాం. ఆ రోజు ఆయన కోరిన గోడ గీత కూడా అడ్డంగా పోయించి, కొడుకులిద్దర్నీ చెరోపక్క నిలబెట్టి, ఎవరి వాటాకి ఏమొస్తుందో గట్టిగా చదివాను.

"అయితే నాన్నా, పళ్ళు కడగడం నా వంతు, తాగడం వాడి వంతా?" అన్నాడు ప్రసాద్.

"గుజ్జు ఆయన పంపితేగా నేను తాగేది! అదీ అడగండి నాన్నా," అన్నాడు కిరణ్.

కూలీలు నవ్వారు. రాఘవయ్య గారు నన్ను పక్కకు పిలిచారు.

"గోడ వద్దనడం తేలికేనండీ. నేను పోయాక వీళ్ళు కోర్టుకెక్కుతారు. ట్యాంకుల్లో సరుకు పులుస్తుండగా గేటుకి తాళం పడితే ఏంటి సంగతి?"

ఆ ప్రశ్న పట్టుకుని ఆఫీసుకు తిరిగొచ్చి మళ్ళీ గీశాను. కట్టడాన్ని ఒక్కటిగానే ఉంచి, స్థలంలో పడమటికి జరిపాను. తూర్పున అంతే జాగా వదిలి కరెంటు, నీళ్ళు, మురుగు పైపులు, లారీ తిరిగే దారి అక్కడిదాకా వేయించాను. వ్యాపారం పెరిగితే మనవలు విస్తరించుకుంటారు. విడిపోతే ఉన్నది ఒకరు తీసుకుని, రెండోవారికి అక్కడ కొత్తది కట్టివ్వాలి.

ఆయన ప్లానులో తూర్పు జాగా మీద వేలు పెట్టారు. "అయితే విడిపోతారని మీరూ తేల్చేశారన్నమాట."

అవునన్నాను. ఆయన కొడుకులిద్దర్నీ ఈ పంపకానికి ఒప్పించాకే పునాది తవ్వనిచ్చారు.

విడిపోయారు, ఆయన బతికుండగానే. తూర్పున కిరణ్‌కి పునాది తీసినప్పుడు మామిడి సీజను నడుస్తోంది. పడమట లారీలు పండ్లు దించుతూనే ఉన్నాయి. రాఘవయ్య గారు మధ్య దారిలో కుర్చీ వేయించుకుని రెండు వైపులా చూస్తూ కూర్చున్నారు. 

తరాల కోసం కట్టేటప్పుడు ట్యాంకు వయసు, నేల వాలు లెక్కేసినట్టే ఇంట్లో గొడవనీ లెక్కేయాలని అక్కడ నేర్చుకున్నాను. మనుషులు విడిపోవడాన్ని ఏ ప్లానూ ఆపలేదు. విడిపోయిన రోజున పని ఆగకుండా మాత్రం చూడగలదు.