ఆ వరుసలో నా బిడ్డను పిలవలేదు

నా బిడ్డ పోయిందని ఫోన్‌లో చెప్పినాయన తన పేరు కూడా చెప్పలేదు. "అమ్మాయి పొగకు తట్టుకోలేకపోయింది, దవాఖానకు రాండ్రి" అన్నాడు. నేనప్పుడు గొర్లకు నీళ్లు పెడుతున్నాను. తట్టుకోలేకపోయిందట. తప్పంతా నా బిడ్డ ఊపిరిదే అయినట్టు. ఆ మాట మీద కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు.

నేను ఐదో తరగతి దాకే చదివాను. రాత అటూ ఇటూ ఉంటే చదివేవాళ్లు సర్దుకోండి.

ఆత్మకూర్‌లో పెండ్లిళ్లకు, పుట్టువెంట్రుకలకు ఫోటోలు తీసేది నా బిడ్డ. ఆడపిల్ల కెమెరా మెడలో వేసుకొని మగవాళ్ల మధ్య తిరుగుడేందని నవ్వినవాళ్లే తర్వాత తమ ఇంటి పెండ్లికి ఆమెను పిలుచుకున్నారు. కెమెరా అద్దం తుడవడానికి నా పాత చీర కొంగులు తప్ప వేరే బట్ట వాడేది కాదు. ఒకసారి నేను దాచుకున్న మంచి చీర కొంగే కత్తిరించింది. బాగా తిట్టాను. "కట్టనే కట్టవు, పెట్టెల పెట్టి ఎవలకిస్తవే అమ్మా" అని నవ్వింది.

ఫోటో తీస్తుందంటే నేను కర్రలాగా బిగుసుకుపోయేదాన్ని. ఊకె నిలబడకు, నీ పని చేసుకో, పనిలో ఉన్నప్పుడే నీ మొఖం మంచిగుంటది అనేది.

నల్లమలలో ఎండలు ముదరకముందే అడవి శాఖవాళ్లు దారుల పక్క గడ్డిని పట్టీలాగా తామే కాలుస్తారు. ఆ పట్టీ ముందే కాలి ఉంటే ఎండాకాలంలో మంట లేచినా దాన్ని దాటి పోదు. ఆ పని ఫోటోలు తియ్యమని ఆ శాఖ ఆఫీసరే నా బిడ్డను పిలిచాడు. ఆ పని చేసే మంటలార్పేవాళ్ల వెంట కొన్నాళ్లు తిరిగింది. వాళ్లు తమ సద్దిలోంచి అన్నం పెట్టారని, చెల్లె అని పిలిచారని ఫోన్‌లో మురిసిపోయింది. బిడ్డ నాయిన ఒక్కటే అడిగాడు, గాలి మళ్లితే ఎట్ల అని. మందలు కాసేవాళ్లం, ఎండుగడ్డి సంగతి మాకు ఎరుకే. "గంతమంది ఉన్నరు నాయినా, నాకేం ఫికర్" అంది.

గాలి మళ్లింది.

దినాలనాడు ఆ మంటలార్పేవాళ్లలో ఒక పెద్దాయన మా ఇంటికి వచ్చాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. వాకిట్లోనే కూర్చొని చెప్పాడు. పొగలో మనిషికి మనిషి కనబడడు కాబట్టి, గాలి తిరిగిందంటే వాళ్లు పేర్లు పెట్టి పిలుచుకుంటారట. ఈ కొసవాడు పక్కవాణ్ని, వాడు తన పక్కవాణ్ని. పిలుపు అందినవాడు బదులు పలికి కాలిన నేల మీదికి వచ్చేస్తాడు. ఆ కొసదాకా అందరూ పలికితే అందరూ బయటపడ్డట్టే. ఆ రోజు అందరూ పలికారట.

"నా బిడ్డ?" అన్నాను.

"ఆమె మా వరుసల లేకుండె గదమ్మా. ఎవల పక్కకు పెట్టలే. ఎవలం పిలువలే."

అన్నం పెట్టినప్పుడు వరుసలో ఉంది. చెల్లె అన్నప్పుడు ఉంది. ప్రాణం దగ్గరికి వచ్చేసరికి ఎట్లా లేకుండా పోయింది? ఆ పెద్దాయన మీద కూడా నాకు కోపమే. కానీ ఆయన వచ్చి, ఉన్నమాట చెప్పిపోయాడు. ఆఫీసరైతే, అమ్మాయే సొంతంగా ముందుకు పోయిందని పేపరువాళ్లకు చెప్పాడు.

నెల తిరగకముందే ఆ ఆఫీసరు మా గడప తొక్కాడు. ఫోటోలు కావాలట. ఆఫీసు గోడకు పెడతారట, మా బిడ్డ జ్ఞాపకంగా ఉంటాయట. బిడ్డ నాయిన కర్ర తీసుకొని లేచాడు. నేనే ఆపాను. కెమెరా నా బిడ్డ కింద ఉండిపోయి కాలలేదు. అందులోవన్నీ స్టూడియోలో చూసి, ఆఖరుది ఒక్కటి పెద్దగా చేయించి ఉంచాను. అదే తెచ్చి ఆయన ముందు పెట్టాను.

"పెట్టుకుంటె గిదే పెట్టుకో సారూ. దీని కింద, మేము ఆమెను పిలువలేదని రాయి."

ఆయన దాన్ని చూశాడు. ఫోటో తీసుకోకుండానే వెళ్లిపోయాడు.

అది ఇప్పుడు మా ఇంటి గోడకే ఉంది. పసుపుపచ్చటి పొగ సందుల్లో మంటలార్పేవాళ్లు వరుసగా నిలబడి, ఒక్కొక్కరు పక్కవాడి వైపు తిరిగి, నోటి పక్కన చేయి పెట్టుకొని పిలుస్తున్నారు. ఈ కొస నుంచి ఆ కొస దాకా, నా బిడ్డ అందులో ఒక్కరినీ వదిలిపెట్టలేదు.