వంపు గొట్టంలో నీళ్ళు

మా వైపు, ఒహాయో పడమటి అంచున, మొక్కజొన్న కోతలు అయ్యాక మగవాళ్ళకి రెండు పనులు మిగులుతాయి. ఒకటి జింకల వేట. రెండోది పందెం ట్రాక్టర్లలోంచి నీళ్ళు తీసెయ్యడం. వేటకి ఎవరి దారిన వాళ్ళు పోతారు. నీళ్ళు తియ్యడానికి మాత్రం నార్బర్ట్ బ్రూన్స్ రావాలి.

నార్బర్ట్‌కి డెబ్బై దాటాయి. చాలాకాలం పాడి నడిపాడు. ఆవుల్ని అమ్మేశాడు గానీ పందెం ట్రాక్టర్‌ని ఉంచుకున్నాడు. దాంతో ఎవరూ దున్నరు. వేసవి సంతల్లో, లాగేకొద్దీ బరువెక్కే ఇనప బండిని దానికి తగిలించి మట్టి బాట మీద లాగిస్తారు. ఎవరి ట్రాక్టర్ ఎక్కువ దూరం పోతే వాళ్ళు గెలిచినట్టు. ఆ కాసేపట్లోనే ఇంజను ఎంత వేడెక్కుతుందంటే, ఊరుకుంటే లోపలి పిస్టన్లు మైనంలా కరుగుతాయి. అందుకని ఇంజను పీల్చే గాలిలోకి నీళ్ళు పిచికారీ చేస్తారు. చిన్న ట్యాంకు, ఒక పంపు, సూది బెజ్జమంత రంధ్రాలున్న ఇత్తడి నాజిళ్ళు. అంతే సరంజామా.

వేసవిలో ఇంజనుని కాపాడిన నీళ్ళే చలికాలంలో పంపుని పగలగొడతాయి. చెంచాడు నీళ్ళు లోపల గడ్డకట్టి ఉబ్బితే చాలు. అందుకని ట్యాంకు ఖాళీ చేసి, నాజిళ్ళు విప్పి, కంప్రెసర్‌తో గొట్టాల్లోకి గాలి ఊది, ఆఖరున చలికి గడ్డకట్టని, కారు అద్దాలు కడిగే నీలం మందు పోసి పంపు తిప్పుతారు. నాజిళ్ళ దాకా నీలం వస్తే ఆ వైపు భయం లేదు. చిక్కంతా పంపు నుంచి ట్యాంకుకి తిరిగొచ్చే గొట్టంతోనే. అది చట్రం కింద వంపు తిరుగుతుంది. నీలం మందు అటు పోదు. వంపులో నిలిచిన నీళ్ళు తర్వాత తీరిగ్గా పంపులోకి జారతాయి. గాలితో తరిమెయ్యాలి. ఎప్పుడు ఆపాలో చెవి చెప్పాలి. నీళ్ళున్నంతసేపూ బుసలో చిటపటలు వినిపిస్తాయి. ఉత్తి బుస మిగిలితే అయిపోయినట్టు. నార్బర్ట్ మోకాళ్ళ మీద కూర్చుని, తల పక్కకి వంచి విని, వేలెత్తేవాడు. వేలు లేస్తే కంప్రెసర్ కట్టెయ్యడమే. ఎదురు ప్రశ్న లేదు.

ఆ చెవులే పోయాయి. నలభై ఏళ్ళు ఇంజన్ల పక్కన ఉత్త చెవులతో నిలబడ్డాడు. దూది పెట్టుకోమంటే, "దూది పెట్టుకుంటే ఇంజను ఏమంటుందో ఎలా తెలుస్తుందిరా?" అనేవాడు. ఇప్పుడు ఇంజను ఏమన్నా తెలియదు, మనుషులు ఏమన్నా తెలియదు. వేలు మాత్రం లేస్తూనే ఉంది.

పోయిన జనవరిలో డ్వేన్ ట్రాక్టర్ పంపు పగిలింది. డ్వేన్ నార్బర్ట్ భార్య రోజెల్లాకి మేనల్లుడు. చిన్నప్పటి నుంచీ మామ చేతి కింద పెరిగినవాడు. చప్పుడు చెయ్యకుండా కొత్త పంపు తెచ్చి బిగించుకున్నాడు. మా వైపు మనిషికి చెడ్డమాట చెప్పవలసి వస్తే వాతావరణం గురించి మాట్లాడతారు. ఆ చలికాలమంతా నార్బర్ట్‌తో అందరం వాతావరణం గురించే మాట్లాడాం.

ఈ ఏడు ఒక ఏర్పాటు చేసుకున్నాం. నార్బర్ట్ పని ముగించి వెళ్ళిపోయాక, మర్నాడు డ్వేన్ వచ్చి మళ్ళీ ఊదుతాడు. ఎవరికీ నష్టం లేదు. తన సొంత షెడ్డులో మాత్రం డ్వేన్ మర్నాటి దాకా ఆగలేదు. నార్బర్ట్ కళ్ళజోడు మరిచిపోయి వెనక్కి వచ్చేసరికి చట్రం కింద దూరి ఊదుతున్నాడు. కంప్రెసర్ మోతలో డ్వేన్‌కి అడుగుల చప్పుడు వినిపించలేదు. నార్బర్ట్‌కి కంప్రెసరే సరిగ్గా వినిపించలేదు. అలా ఇద్దరూ కొంతసేపు ఒకే షెడ్డులో ఉన్నారు.

డ్వేన్ తిరిగి చూసి కంప్రెసర్ కట్టేశాడు.

"ఏం చేస్తున్నావురా?"

"దుమ్ము దులుపుతున్నా మామా."

"గొట్టం లోపలా?"

డ్వేన్ ఈసారి మంచు తొందరగా పడేట్టుందన్నాడు. నార్బర్ట్ కిందికి చూశాడు. సిమెంటు నేల మీద దోసెడు నీళ్ళు. నీలం కాదు, ఉత్త నీళ్ళు. వేలు ముంచి చూసుకున్నాడు.

"జనవరిలో నీ పంపు పగిలింది కూడా నేను వదిలిన నీళ్ళకేనా?"

"పగిలిందని ఎవరన్నారు నీకు?"

"కొత్త పంపు కనపడదా? చెవులు పోయాయి గానీ కళ్ళున్నాయిగా. పాతది నచ్చక మార్చావనుకున్నా."

"పాతదైపోయింది మామా."

"అబద్ధం కాస్త గట్టిగా చెప్పు, వినిపించట్లేదు."

నార్బర్ట్ కళ్ళజోడు తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాతి మాటలు రోజెల్లా మా ఆవిడకి చెప్పినవి. ఇంటికెళ్ళి సాసేజి, పులియబెట్టిన క్యాబేజీ ముందు పెట్టుకుని నార్బర్ట్ తినకుండా కూర్చున్నాడట.

"ఏమయ్యా, ఏమైంది?"

"నా వెనకాల తిరిగి మళ్ళీ ఊదుతున్నారు."

"తెలుసు."

"నీకూ తెలుసా?"

"ఊరంతటికీ తెలుసు. చర్చి ఫాదర్‌కి కూడా తెలుసు."

"ఫాదర్‌కి ట్రాక్టరే లేదు కదే!"

"చెవులున్నాయిగా. పోనీ మానెయ్యి. ఇంట్లో కూర్చో."

"కూర్చుని ఏం చెయ్యను?"

"నాతో మాట్లాడు."

"ఇంకేమీ పనిలేదా?"

పని లేకుండా పరాయి షెడ్డులోకి వచ్చి నిలబడేవాణ్ణి మా వైపు చుట్టం అంటారు. చుట్టానికి కాఫీ ఇస్తారు, కుర్చీ వేస్తారు, పానా మాత్రం ఇవ్వరు. నార్బర్ట్‌కి పట్టుకున్న భయం అదే.

తర్వాతి శనివారం మా షెడ్డు వంతు. నార్బర్ట్ రాడేమో అనుకున్నాను. డ్వేన్ కూడా అలాగే అనుకుని పొద్దున్నే వచ్చి కంప్రెసర్ పెట్టాడు. ఇద్దరం అలా అనుకుంటూ ఉండగానే నార్బర్ట్ లోపలికి వచ్చి, ఎవరినీ పలకరించకుండా ట్యాంకు ఖాళీ చేశాడు. నాజిళ్ళు విప్పి గుడ్డలో చుట్టాడు. వెనక్కొచ్చే గొట్టాన్ని ట్యాంకు దగ్గర ఊడదీసి, ఆ కొస పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చుని టోపీ తీశాడు. ఆయన నెత్తి మీద వెంట్రుక అన్నది లేదు. గొట్టం కొసని నడినెత్తికి జానెడు దూరంలో పెట్టుకున్నాడు.

"ఊదు," అన్నాడు.

"మామా, చలి..."

"ఊదరా!"

డ్వేన్ ఊదాడు. షెడ్డులో మా నోళ్ళలోంచి ఆవిరి వస్తోంది. నీళ్ళు నార్బర్ట్ నెత్తి మీద పడి, చెవుల వెనక నుంచి చొక్కాలోకి దిగుతున్నాయి. ఆయన గడియారం ముందు కూర్చున్న మనిషిలా కూర్చున్నాడు. నేను తువ్వాలు తెచ్చి చేతిలో పెట్టుకున్నాను, ఎప్పుడు ఇవ్వాలో తెలియక. కాసేపటికి వేలు లేచింది.

డ్వేన్ కంప్రెసర్ కట్టేశాడు.

"ఇప్పుడు ఇలా రా. నీ చెంప పెట్టు," అన్నాడు నార్బర్ట్. "నేను ఊదుతా. రేపు దొంగతనంగా వచ్చి చూసేదేదో ఇప్పుడు నా ఎదురుగానే చూడు."

"అక్కర్లేదు మామా, పొడిగానే ఉంటుంది."

"ఉంటుందో లేదో పెట్టి చెప్పు. నాకు కావాల్సింది అదే."

డ్వేన్ కూర్చుని చెంప పెట్టాడు. నార్బర్ట్ గాలి వదిలాడు. ఉత్తి బుస. నాకు అలాగే వినిపించింది. డ్వేన్ కళ్ళు చికిలించాడు. మామ ముఖంకేసి చూశాడు, తర్వాత నా కేసి చూశాడు. ఆకాశం కేసి కూడా చూసేవాడే, అక్కడ రేకుల కప్పు అడ్డం ఉంది.

"పడింది మామా," అన్నాడు గట్టిగా. "ఒక చుక్క."

నార్బర్ట్ వంగి మేనల్లుడి చెంప చూశాడు. బొటనవేలితో ఆ చుక్కని తుడిచి, వేలు ప్యాంటుకి రాసుకున్నాడు.

"అలా చెప్పాలి," అన్నాడు. నెత్తి మళ్ళీ గొట్టం కింద పెట్టి, "ఊదు."