గాలపు ప్రశ్నలూ, మిర్చి బజ్జీ

ఆ రోజుల్లో నాకు మనుషులకన్నా మార్కుల మీదే నమ్మకం ఎక్కువ. జనగామలో రైలెక్కి, ఎక్కడో ఉత్తరాదిన ఒక సైనిక దవాఖానలో, మానసిక రోగులకు పరీక్షలు పెట్టే కొలువులో కొత్తగా చేరాను. మా ప్రశ్నపత్రంలో జబ్బు ప్రశ్నల మధ్య కొన్ని గాలపు ప్రశ్నలు దాచి ఉండేవి. మామూలుగా ఎవరూ 'అవును' అనని ప్రశ్నలన్నమాట. వాటికి వరసగా 'అవును' అన్నవాడు లేని జబ్బు నటిస్తున్నట్టు లెక్క. (ఆ లెక్కను నేను దేవుడి మాటలా నమ్మేవాణ్ని.)

ఒకరోజు మహబూబాబాద్ దగ్గరి పల్లె నుంచి సైన్యంలో చేరిన జవాను ఒకడు వచ్చాడు. సరిహద్దులో స్నేహితుడు మంచు కింద కూరుకుపోయి చనిపోయినప్పటి నుంచి నిద్ర లేదట. 'చనిపోయినవాళ్లు నా దగ్గరికి వస్తారు': అవును. 'దేవత నాతో మాట్లాడుతుంది': అవును. ఇట్లాంటివే ఇంకొన్ని. దొంగ దొరికాడని నాకు ఒకటే సంబరం! 'నటిస్తున్నాడు' అని రిపోర్టు రాసేశాను. ఆ ఒక్క మాటతో అతని వైద్యం ఆగిపోతుంది, పనిదొంగ అన్న మచ్చ కొలువున్నన్నాళ్లూ వెంటాడుతుంది. అది తెలిసే రాశాను. మా పెద్ద డాక్టరమ్మ చదివి, ఎందుకు అవునన్నాడో అడిగావా అంది. అడగలేదు. ముఖం గంటు పెట్టుకుని వెళ్లి అడిగాను.

"అబద్ధమెందుకు చెప్త సార్? మా బాపు సచ్చిపోయినంక పిట్టకు పెట్టినం. కూర పెట్టినం, కల్లు పెట్టినం, కాకి రాలే. మా అవ్వకు యాదికొచ్చి బీడీ పెట్టింది. గప్పుడు చూడాలె, రెక్కలు కొట్టుకుంట వచ్చింది! బాపు గాక ఇంకెవలు సార్?"

"మరి దేవత?"

"ఎల్లమ్మ సార్. బోనాలప్పుడు మా అవ్వ మీదికి వస్తది. పోయినేడు నన్ను మస్తు తిట్టింది, లగ్గం చేసుకుంటలేనని. మీది గూడ మా దిక్కే, జనగామనే కద సార్, మీకు తెల్వదా?"

"తెలియదండీ" అన్నాను, పుస్తకం భాషలో.

అన్న మరుక్షణం మా తాత గుర్తొచ్చాడు. తాత పోయినప్పుడు పొలంగట్టు మీద విస్తరి ముందు నిలబడి, "తాతా, జర జల్ది రా, ఆకలైతుంది" అని కాకిని బతిమాలినవాణ్ని నేనే. (అది ముట్టేదాకా మాకెవరికీ అన్నం లేదు మరి.) అదే ప్రశ్న నన్నడిగితే నేనూ 'అవును' అనవలసినవాణ్నే. పత్రమంతా నిజమే రాసిన మనిషి ముందు కూర్చుని, అతను నన్నడిగిన ఒక్క ప్రశ్నకూ అబద్ధం చెప్పాను! ఆ రిపోర్టు చించేసి, డాక్టరమ్మకు కాకి సంగతంతా విప్పి చెప్పి, కొత్తది రాశాను. అతనికి వైద్యం మొదలైంది.

మర్నాడు అతని మంచం దగ్గర కూర్చుని, "తమ్మీ, మా తాత మిర్చి బజ్జీ పెడితెనే వచ్చిండు" అన్నాను. వార్డులో చేరాక అతను నవ్వడం అదే మొదటిసారి. ఇప్పుడు గడ్డం నెరిసింది, ప్రశ్నపత్రాలు మారాయి. అయినా మా వైపు పిల్లలెవరైనా ఎదుట కూర్చుంటే, పెన్ను తీయకముందే "మీ తాతకు ఏం పెడితే వచ్చిండు?" అని అడుగుతుంటాను. వాళ్లు జవాబు చెబుతుంటే, టై కట్టుకుని 'తెలియదండీ' అన్న ఆ కుర్రాడు గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకుంటాను.