నాలుగు పళ్ల పోటీ

2003 ఎండాకాలం. తనకల్లు వైపు ఒక ఊర్లో జాతరకు ఎద్దుల బండలాగుడు పోటీలు పెట్టినారు. నేను అప్పుడు ఆ పక్క పశువుల డాక్టరును. పోటీకి ముందు ఎద్దుల నోళ్లు చూసి వయసు తేల్చడం నా పని. ముందు పళ్లను మేం ఇన్సైజర్లు అంటాం. పాలపళ్లు ఊడి, జతజతగా గట్టి పళ్లు వస్తాయి. నాలుగు వచ్చిన ఎద్దు ఆరు వచ్చినదానికంటే చిన్నది, బలమూ తక్కువ. అందుకే వాటికి పోటీలు వేరువేరుగా పెడతారు.

నాలుగు పళ్ల పోటీకి మల్లికార్జున అనే రైతు తన జత తోలుకొచ్చినాడు. అందులో ఒక ఎద్దు నోరు ముట్టనియ్యలేదు. బలవంతంగా పెదవి ఎత్తి చూస్తే నాకు ఒళ్లు మండిపోయింది. నాలుగు పళ్లకు అటొకటి, ఇటొకటి ఖాళీ. చిగుళ్లు చీలి వాచినాయి, లోపల విరిగిన వేరుముక్క. పాలపన్ను తనంతట ఊడితే ఇట్లా ఉండదు. ఆరు పళ్ల ఎద్దును నాలుగు పళ్లదని చూపడానికి ఈ మహానుభావుడు కొత్తగా వచ్చిన గట్టి పళ్లను పటకారుతో పీకినాడు.

"ఏమప్పా, ఇది మనిషి చేసే పనేనా?" అన్నాను.

"ఇప్పుడు నోట్లో ఉండేవి నాలుగే కదా సార్. లెక్కబెట్టుకోండి" అన్నాడు, సిగ్గూ శరమూ లేకుండా.

దీన్ని దింపొద్దని కమిటీ పెద్దకు చెప్పినాను. "నాలుగు పళ్లు అనే కదా సారూ రూలు ఉండాది? జనం కాచుకోనుండారు" అన్నాడాయన. వయసు కాగితం మీద నేను సంతకం పెట్టలేదు. అయినా దింపినారు. నురగతోపాటు నెత్తురు కారుతుంటే ఆ మూగజీవి బండ లాగింది, గెలిచింది. జనం ఈలలు వేసినారు.

రెండో స్థానం ఓబులేసు అనే రైతుది. బోరు ఎండిపోయి, తాను ఒకపూటే తిని, ఎద్దులకు మాత్రం ఉలవలు ఉడకబెట్టి సాకినోడు. నిజానికి గెలిచింది ఆయనే. పోటీ అయినాక నా దగ్గరికి వచ్చినాడు.

"ఫిర్యాదు చెయ్యి ఓబులేసూ. నేను సాక్ష్యం చెప్తా" అన్నాను.

"అది అయ్యే పని కాదులే సార్" అని నా పక్కకు జరిగి అడిగినాడు. "వచ్చే ఏడు నా ఎద్దులకూ ఆరు పళ్లు వస్తాయి. నొప్పి తెలీకుండా పీకేదానికి మీకాడ సూదిమందు ఉంటాది కదా?"

మల్లికార్జున ఎప్పుడో చెడినోడు. వానికి కప్పు ఇచ్చి ఆ కమిటీ చెడగొట్టింది ఓబులేసును. ఆటలో అన్యాయాన్ని పోనీలే అని వదిలితే ఏం జరుగుతుందో ఆరోజు కళ్లారా చూసినాను. ఆ కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు, చల్లారకూడదు కూడా.