ఆకు రాళ్ళ టీచరమ్మ

పోయిన వారం పొద్దున్నే గోలేటిలో మా పక్కింటి వాళ్ళ ఫోనుకు గోదావరిఖని నుంచి మా నాయిన ఫోన్ చేశాడు. "మీ టీచరమ్మ పోయింది బిడ్డా. నిద్రలనే పోయిందట. పొద్దుగూకే లోపల ఖబరస్తాన్‌కు తీసుకపోతమంటున్నరు, జల్ది రా" అన్నాడు. బస్సులు మారి నేను చేరేసరికి అంతా అయిపోయింది. ఆఖరి చూపు దక్కలేదు.

ఎనభైల మొదట్లో ఆమె మాకు ఎనిమిదో తరగతిలో సైన్స్ చెప్పారు. మొదటి రోజు పుస్తకం తెరవలేదు. సంచిలోంచి బూడిదరంగు పలక రాయి ఒకటి తీసి నా ముందు బెంచీ మీద పెట్టి, ఏముందో చెప్పమన్నారు.

"రాయి, టీచర్."

"మల్లొక్కసారి చూడు."

వంగి చూశాను. నాలుక లాంటి పొడుగాటి ఆకు, నడుమ ఈనె, దాని నుంచి రెండు పక్కలకూ వెంట్రుకల్లాంటి గీతలు. "ఎవరో ఆకు బొమ్మ గీసిండ్రు టీచర్" అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. "ఎవరు గీసుంటరు?" అని నిజంగా తెలియనట్టే అడిగారు. ఆ గంటంతా మేము ఎవరెవరి పేర్లో చెబుతూ పోయాం. చివర్లో ఆమె, మనిషి పుట్టకముందు ఈ నేల మీద ఒక అడవి ఉండేదనీ, ఆకులు రాలి బురదలో పడితే బురద రాయి అయిందనీ, ఆ అడవే బొగ్గు అయిందనీ చెప్పారు. "మీ నాయినలు షిఫ్టుకు పోతున్నరంటే అడవికి పోతున్నట్టే" అన్నారు.

ఆ సాయంత్రం ఈ మాట ఇంట్లో చెబితే నాయిన నమ్మలేదు. ఆయన పనిచేసేది బాయిలో. మా దగ్గర భూమి కింద తవ్వే గనిని బాయి అంటారు. అక్కడ కప్పును కర్రతో తట్టి, చప్పుడు విని, గట్టిగా ఉందో లేదో తెలుసుకోవడమే ఆయనకు అలవాటు. తల మీది లైటుతో దాన్ని తేరిపార చూడాలని ఎన్నడూ అనిపించలేదట. వారం తిరగకముందే టిఫిన్ సంచిలో ఒక రాయి తెచ్చాడు. మర్నాడు నేను బడి నుంచి రాగానే, "ఏమన్నది మీ టీచరమ్మ?" అని అడిగాడు. ఏమన్నారంటే, ఆయనకు ఒక ప్రశ్న పంపారు: ఆకులు కప్పులో ఎటు తిరిగి ఉన్నాయి?

ఆమెకు బాయి దిగి చూడాలని ఉండేది. అడిగి చూశారు కూడా. ఆడవాళ్ళు దిగడానికి రూల్ ఒప్పుకోదని చెప్పి పంపారు. అందుకని ఆమె మా అందరి నాయినల కళ్ళతో చూడడం మొదలుపెట్టారు. నాయిన రెండు మూడు షిఫ్టులు గమనించి, స్వయంగా బడికి వచ్చి చెప్పాడు. "చాన మటుకు ఒకటే దిక్కు పండుకోని ఉన్నయి టీచరమ్మా."

"అయితే అక్కడ నీళ్ళు పారినయన్నా. పారే నీళ్ళే వాటిని గట్ల సర్దినయేమో" అన్నారామె. ఆ పూట ఆమె ముఖం చూస్తే ఎవరో చుట్టం ఊరి నుంచి వచ్చినట్టు ఉంది.

ఆమె పెళ్ళి చేసుకోలేదు. చెల్లెలి కుటుంబంతో ఉండేవారు. రాళ్ళు మొదట మంచం కిందికీ, తర్వాత కిటికీ గూట్లోకీ, ఆ తర్వాత వాకిట్లోకీ చేరాయి. చెల్లెలు నాతో అనేది: "మా ఆపాకు ఇంట్ల బియ్యం డబ్బా ఎక్కడుంటదో తెల్వది. ఏ రాయి ఎవరింటి నుంచి వచ్చిందో మాత్రం అడుగు, నిద్రల లేపినా చెప్తది."

ఏదైనా కొత్తది చూపించి పేరడిగితే టీచరమ్మ చెప్పేవారు కాదు. "ముందు చూడు. పేరుకేం తొందర, అది యాడికీ పోదు" అనేవారు.

తర్వాతి ఏడాది వానాకాలంలో నాయిన డ్యూటీలో ఉండగా కప్పు కూలి కాలు నుజ్జయింది. కంపెనీ దవాఖానలో మంచం చుట్టూ మేమంతా ఉండగా టీచరమ్మ వచ్చారు. లోపలికి రాలేదు, తలుపు దగ్గరే నిలబడ్డారు. మా అమ్మ ఆమెను చూసి, "గా రాళ్ళ కోసం పైకి చూసుకుంట నిలబడ్డడో ఏమో" అంది. గట్టిగా అనలేదు, కానీ అందరికీ వినబడింది. టీచరమ్మ తెచ్చిన పండ్ల సంచి గుమ్మం పక్కన పెట్టి వెళ్ళిపోయారు.

మర్నాడు ఆమె బడిలో అన్ని తరగతులకూ తిరిగి చెప్పారు: "బాయిల నుంచి ఇంక ఎవ్వరూ రాయి తేవద్దు. ఆకు ఎన్ని లక్షల ఏండ్లయినా ఆగుతది. మనిషి డ్యూటీ దిగి ఇంటికి రావాలె." ఆ తర్వాత క్లాసులో రాయి అన్న మాట లేదు. పాఠం పుస్తకంలో ఉన్నట్టు చెప్పి వెళ్ళేవారు. మాలో ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పేవారు గానీ, తిరిగి ప్రశ్న వేయడం మానేశారు. మాకు అదే వింతగా, భయంగా ఉండేది.

నాయిన ఇంటికి వచ్చాక నన్ను పంపి ఆమెను పిలిపించాడు. అమ్మ పీట వేసి, దూరంగా గోడ పక్కన కూర్చుంది.

"టీచరమ్మా, నా మీద పడ్డది ఉత్త ఇసుక రాయి. ఆకు గీకు ఏం లేదు దాంట్ల" అన్నాడు నాయిన.

"చూసినవా అన్నా?"

"కాలు మీద పడ్డదాన్ని చూడనా?"

ఆమెకు నవ్వొచ్చింది, వెంటనే కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. అమ్మ లేచి చాయ్ పెట్టింది. నాయిన నిజమే చెప్పాడో, ఆమె మనసు కుదుట పడాలని చెప్పాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయనను అడిగితే "చాన ఏండ్లాయె" అంటాడు.

కాలు పూర్తిగా బాగుపడలేదు. నాయినకు బాయి పైన, భూమ్మీద పని ఇచ్చారు. బెల్టు మీద వచ్చే బొగ్గులోంచి రాళ్ళు ఏరి పక్కకు వేయాలి. ఎలాగూ పారేసే రాళ్ళే. కొన్నాళ్ళకు ఆయన వాటిలో మంచివి రెండు గుడ్డలో చుట్టుకుని కుంటుకుంటూ వాళ్ళింటికి వెళ్ళాడు. ఆమె చాలాసేపు ముట్టుకోలేదట. "పైకొచ్చిన రాయే టీచరమ్మా, ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాక తీసుకున్నారట. మర్నాడు మా క్లాసులోకి చంకలో గుడ్డ మూటతో వచ్చారు. బెంచీలు దగ్గరికి జరుపుకున్నాం.

ఆ తర్వాత కొన్నేళ్ళకు, నేను కాలేజీకి వెళ్ళే రోజుల్లో, ఊరి పక్కన భూమిని పైనుంచి తెరిచి తవ్వే ఓపెన్‌కాస్ట్ గని మొదలైంది. ఆమె పర్మిషన్ తెచ్చుకుని పిల్లలను గని అంచు దాకా తీసుకెళ్ళారు. నాయినను రమ్మన్నారు, ఆయనకు తోడు నేనూ వెళ్ళాను. కింద లారీలు అగ్గిపెట్టెల్లా తిరుగుతున్నాయి. ఎదురుగా నేల పొరలు పొరలుగా ఉంది: పైన ఎర్రమట్టి, దాని కింద పసుపు ఇసుక రాయి, బూడిదరంగు పలక, కింద బొగ్గు.

నాయిన కర్ర ఎత్తి చూపించాడు. "గదే టీచరమ్మా, గా బూడిద పొర. మా కప్పు గదే."

ఆమె కొంగు తల మీదికి లాక్కుని ఎండలో అలాగే నిలబడ్డారు. ఇన్నేళ్ళు ఇతరుల మాటల్లో విన్న చోటు అది. ఏమంటారా అని నేను ఎదురుచూశాను. "అన్నా, బొగ్గు నడుమ సన్నగ తెల్లటి గీత ఉంది చూడు. అదేంది?" అని అడిగారు.

"తెల్వదు టీచరమ్మా."

"నాకు గూడ తెల్వది" అన్నారు. అంత సంతోషంగా ఆ మాట అన్నవాళ్ళను నేను మళ్ళీ చూడలేదు. ఇద్దరూ పిల్లలను మరిచిపోయి దాని గురించి వాదించుకున్నారు. వరద వచ్చి ఉంటుందని ఆమె, బూడిద పడి ఉంటుందని ఆయన. తేలలేదు. రిటైరయ్యాక కూడా ఆమె మా ఇంటికి వచ్చినప్పుడల్లా ఆ వాదన సాగేది.

టీచరమ్మ పోయిన మూడోనాటి ప్రార్థనలకు జనం వస్తారని ఆమె చెల్లెలు పొద్దున్నే వాకిలి కడగడం మొదలుపెట్టింది. నేనూ బకెట్ అందుకున్నాను. గోడ వెంట పేర్చిన రాళ్ళు దుమ్ము కొట్టుకుని, అన్నీ ఒకే తీరుగా తెల్లగా పాలిపోయి ఉన్నాయి. చెల్లెలు పోసిన నీళ్ళు నేల మీద పారి వాటి మీదికి చిందాయి. తడిసిన రాయి తడిసినట్టు నల్లబడింది. ఒకదాని మీద ఆకు తేలింది, పక్కదాని మీద మరొకటి, దాని వెనక కొమ్మ. గోడ పొడుగునా ఈనెలతో సహా ఆకులు. చెల్లెలు చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. ఎండ గోడ దిగి వచ్చి ఒక కొస నుంచి ఆరబెడుతూ ఉంటే, ఆమె ఇంకో చెంబు ముంచి మళ్ళీ పోసింది.