ఆరు కార్డుల బాబు మియా

చనిపోయే ముందురోజు సాయంత్రం కూడా బాబు మియా అడిగిన మాట అదే.

"అంబదాస్, జర మనసుపెట్టి ఇను. గిది మంచిగుందా? గది మంచిగుండెనా?"

బాబు మియా తేల్చుకోలేని మనిషి. అన్ని విషయాల్లో కాదు. కూతురి సంబంధం అరగంటలో తేల్చిండు. ఇల్లు నిలబడ్డచోటనే బేరమాడి కొన్నడు. తన పాత కంప్యూటర్‌లో ఏ సౌండ్ కార్డు ఉండాలన్నది మాత్రం ఏడేండ్లయినా తేలలేదు.

సిరిసిల్ల బస్టాండు ఎనుక గల్లీలో ఆయనది కంప్యూటర్ల రిపేరు దుకాణం. జనం తెచ్చిన లాప్‌టాప్‌లు నేల మీద ఒకదాని మీద ఒకటి పడి ఉంటే, పెద్ద కర్ర బల్ల మీద మాత్రం పాతికేండ్ల నాటి కంప్యూటర్ ఒకటి పసుపు రాసిన పెండ్లికొడుకు లెక్క కూసునేది. అందులో కోట కాపాడుకునే ఆట ఒకటుండె. బాబు మియా ఆ ఆట ఏనాడూ ఆడలేదు. మొదట్లో వచ్చే పాట ఇని బంద్ చేసేటోడు.

"ఆట షురువైతే పాట ఆగిపోతది యార్!"

"ఒక్క పాటకు కార్డు మార్చుడెందుకు భాయ్?" అని మొదట్లో అంబదాస్ అడిగిండు.

"దీంట్ల పాట లేదు. మిడి అంటరు. ఏ స్వరం ఎప్పుడు పలకాలె, ఎంతసేపు పలకాలె అని రాసిన చిట్టీ, గంతే. వాయించేది కార్డు. కార్డు మారితే వాయించేటోళ్లు మారుతరు."

మరమగ్గాల షెడ్డులో నలభై ఏండ్లు బట్ట నేసిన అంబదాస్‌కు ఈ సంగతి వెంటనే ఎక్కింది.

"అంటే చీర అంచుకు మగ్గానికెక్కించే డిజైన్ అట్టలు అవే, నూలు వేరన్నట్టు."

"వహ్వా! నువ్వు నా దుకాణంల కూసోవలసినోనివి!"

అప్పటినుంచి కూసున్నడు. రోజూ షిఫ్టు దిగంగనే.

కార్డులు మిఠాయి డబ్బాల్లో ఉండేవి. ఒక్కో డబ్బా మీద ఉర్దూలో ఒక చీటీ. మొదటి కార్డు పేరు కందిరీగ, ఏ వాయిద్యమైనా జుయ్యిమనే వాయిస్తుందని. రెండోది షెహనాయి. మూడోది పెండ్లి బ్యాండు. నాలుగోది కొన్నప్పుడు ఇంట్లో చిన్న యుద్ధమే అయింది. భార్య హఫీజాకు గాజులు తెస్తానని హైదరాబాద్ పోయిన మనిషి, పాత సామాన్ల బజారు నుంచి కార్డు పట్టుకొచ్చిండు.

"గాజులేవి?"

"జర ఇను హఫీజా. గాజుల చప్పుడు దీంట్ల అస్సల్‌కు అస్సల్ ఉంది!"

రెండు రోజులు ఆయనకు అన్నం దుకాణానికే వచ్చింది.

ఇక్కడ అంబదాస్ చేసిన మోసం ఒకటి చెప్పాలె. కందిరీగ కాదు, షెహనాయి కాదు, గాజుల చప్పుడు కాదు, అతనికి ఏదీ ఇనరాదు. మగ్గాల మోత చెవులను ఎప్పుడో తినేసింది. ఆ మోతలో ఎవరి మాట ఎవరికీ ఇనరాదు కాబట్టి షెడ్డులో అందరూ పెదవులు చూసే మాట పట్టేటోళ్లు. బయట కూడా అంబదాస్ బండి అట్లనే నడిచింది. షెడ్డు ఆసామికి తెలిస్తే పనిలకెళ్లి తీసేస్తడేమోనని కట్టుకున్న అనసూర్యకు కూడా చెప్పలేదు.

అందుకే బాబు మియా ముఖం చూసి జవాబు చెప్పేటోడు. కనుబొమ్మలు లేస్తే "గిదే భాయ్", లేవకపోతే "గదే భాయ్".

"అరె, నిన్న గది అన్నవ్ గద!"

"నిన్న మబ్బు పట్టింది భాయ్."

బాబు మియా తల గోక్కుని మళ్లా స్క్రూలు విప్పేటోడు.

మూడేండ్ల కింద ఒక పొద్దున ఆయన మీసం లేకుండా దుకాణం తెరిచిండు. పెదవుల మీద చూరు లెక్క వేలాడే మీసం అది. గల్లీ గల్లీ అంతా చూడ వచ్చింది.

"ఏం బాబు భాయ్, హజ్‌కు పోతున్నవా?"

"లే యార్. సౌండుకు అడ్డమొస్తుంది."

వారం రోజులు నవ్వుకున్నరు. అందరికంటే ఎక్కువ నవ్వింది అంబదాసే.

ఆ చివరి సాయంత్రం బల్ల మీద ఆరో కార్డు, కొత్తగా పెద్ద స్పీకరు. ఆ స్పీకరును బల్ల మీద బోర్లేసిండు బాబు మియా. "గిదా, గదా?" అన్నడు. బల్ల మీద మోచేతులు ఆనించి కూసున్న అంబదాస్ ఏ ధ్యాసలో పడ్డడో, జవాబు చెప్పుడు మరిచిపోయిండు. బాబు మియా మళ్లా అడగలేదు. వంగి బల్ల కిందికి చూసి, ముసిముసిగా నవ్వి, కంప్యూటర్ బంద్ చేసిండు.

"పో. రేపు రా, చాయ్ తాగుదం."

తెల్లారి చాయ్ తాగుతూ తాగుతూ కుర్చీలోనే పోయిండు.

నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థన అయినంక హఫీజా ఆరు డబ్బాలు అంబదాస్ ముందు పెట్టింది.

"అన్నా, అయిదింటిని అడిగినోళ్లకు ఇచ్చేస్త. ఒక్కటే ఉంచుకుంట. ఏది ఉంచాల్నో నువ్వే చెప్పు. ఆయన నిన్ను తప్ప ఎవర్నీ అడగలే."

అంబదాస్ ఆరు డబ్బాల దిక్కు చూసిండు. చూసి చెప్పడానికి ఆ కనుబొమ్మలు లేవు. నోటికొచ్చింది చెప్తే బాబు మియా ఏడేండ్ల కష్టం తప్పుడు డబ్బాలో మిగులుతది.

"చెల్లె, నాకు చెవులు ఇనరావు. ఇన్నేండ్లు అబద్ధం చెప్పిన."

హఫీజా మొదటి డబ్బా మీది ఉర్దూ చీటీ చదివింది, పెదవులు కనబడేటట్టు.

"కందిరీగ. అంబదాస్ నోరు 'బాగుంది' అన్నది. కాలు కదల్లే."

రెండోది తీసింది. "షెహనాయి. నోరు చాలా బాగుందన్నది. కాలు కదల్లే."

మూడు, నాలుగు, అయిదు. నోరు అన్నిటినీ మెచ్చుకుంది. కాలు దేనికీ కదల్లేదు.

ఆరో డబ్బా. "నోరు ఏమీ అనలే. బల్ల కింద కాలు పాటకు తాళం ఏసింది. గిదే!"

అంబదాస్ తన కుడికాలు దిక్కు చూసుకున్నడు, దొంగను చూసినట్టు.

"ఆయనకు ఎర్కనా?"

"మొదటి వారమే ఎర్కయింది. చెవులతోటి కాకపోతే ఎముకలతోటన్న ఇనిపిస్తనని కార్డుల మీద కార్డులు తెచ్చిండు, ఆఖర్కి మోత నీ మోచేతులకు ఎక్కాలని స్పీకరునే బల్ల మీద బోర్లేసిండు," అన్నది హఫీజా. చున్నీతో కండ్లు ఒత్తుకోబోయి, ఏదో గుర్తొచ్చి గట్టిగ నవ్వింది.

"మీసం కూడా నీకోసమే తీసిండన్నా. ఆయన మాట నీకు కనబడాలని. నేను ముప్పై ఏండ్లు తియ్యమంటే తియ్యలే!"