తోకిజో తొడలో లేని ఎంజైము

మా నాగసాకి కొండవాలు పేటలో పొద్దున్నే పేపర్లు వేసే తోకిజోని నేను ఇరవై ఏళ్ళుగా బద్ధకస్తుడనే అన్నాను. ముప్ఫై మెట్లకే కమ్మీ పట్టుకుని నిలబడిపోయేవాడు. కిటికీలోంచి చూస్తూనే ఉండేదాన్ని. ఓ పది నిమిషాలు పోతే అదే మనిషి పైదాకా ఆగకుండా ఎక్కేసేవాడు. నటన కాకపోతే మరేమిటి?

ఊరి గుడి పండగలో ఆడే వంతు మా పేటకి ఏడేళ్ళకోసారి వస్తుంది. చక్రాల పడవని ఒక్క ఊపున నెట్టి గిర్రున తిప్పాలి. ఈసారి ఒక మనిషి తగ్గాడు. నేనే వెళ్ళి తోకిజోని పట్టుకున్నాను.

"నావల్ల కాదు పెద్దమ్మా. ఒక్కసారిగా బలం పెడితే కండలు బిగుసుకుపోతాయి."

"రోజూ కొండెక్కే కాళ్ళకి పడవ బరువైందా? మీ నాన్న మన పేట వంతు వచ్చిన మూడుసార్లూ నెట్టాడు. ఆయన పరువు తీయకు."

"ఆయన పేరెత్తాక ఇంకేమంటాను," అని మర్నాడు సాధనకి దిగాడు.

రెండో తిప్పుకే కూలబడ్డాడు. తొడలు రాళ్ళయ్యాయి, వేళ్ళు విచ్చుకోలేదు. "టీ పోస్తే లేస్తాడులే," అన్నాను. అందరూ నవ్వారు. వాడూ నవ్వబోయాడు. సాయంత్రానికి మూత్రం సోయా సాస్ రంగులో వస్తోందని వాళ్ళావిడ పరిగెత్తుకొచ్చింది.

ఆస్పత్రిలో తొడ నుంచి గోరంత కండ తీసి పరీక్షించారు. డాక్టరమ్మ చేత నాలుగుసార్లు చెప్పించుకున్నాను. కండలో నింపాదిగా పనిచేసే పోగులు ముఖ్యంగా రక్తం తెచ్చే కొవ్వునీ చక్కెరనీ కాల్చుకుంటాయట. అవి సరిపడా అందడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. గభాలున లాగే పోగులకి కండలోనే దాచిన చక్కెర కావాలి. దాన్ని విడగొట్టే ఎంజైము తోకిజోకి పుట్టుకతోనే లేదు. అయినా బలవంతం చేస్తే కండ చితికి, అందులోని ఎర్రటి పదార్థం కిడ్నీలకి అడ్డుపడుతుంది.

"మరి వాడి కిడ్నీలు కోలుకుంటాయా?"

"నెలాఖరుకి తెలుస్తుందమ్మా."

పన్నెండో రోజు నా తప్పు ఒప్పుకుందామని వెళ్ళాను. తోకిజో నన్ను ఆ మాట చెప్పనివ్వలేదు.

"డాక్టరమ్మ చేత కాగితం రాయించు పెద్దమ్మా. ఇది బద్ధకం కాదని. సాధన దగ్గర నువ్వే చదువు."

చదివాను. ఎవరూ నవ్వలేదు. పడవ ఒక మనిషి తక్కువతోనే తిరిగింది.

వారానికి మూడు రోజులు వాడి రక్తాన్ని యంత్రమే కడుగుతోంది. నెలాఖరు నిన్నటితో అయింది. డాక్టరమ్మ గది దాకా వెళ్ళి, అడగలేక తిరిగొచ్చాను.